గోదావరి డెల్టాలో కొత్తదనం లెక్క: ప్రాజెక్టు డైరీ

గోదావరి డెల్టాలో కొత్త వస్తువు, కొత్త పద్ధతి, కొత్త వంగడం ఏ ఊళ్లో పుడుతున్నాయి? ఏ రంగంలో? పుట్టినవి ఎన్నాళ్లు నిలుస్తున్నాయి? వీటికి జవాబులు మేధోసంపత్తి రిజిస్టర్లలోంచి ఊరివారీగా తీయడమే ఈ పని. రిజిస్టర్లు అయిదు: పేటెంట్లు, డిజైన్లు, ట్రేడ్‌మార్కులు, భౌగోళిక గుర్తింపులు, మొక్కల వంగడాలు. అయిదింటినీ కూడి ‘డెల్టా స్కోరు’ అని ఒక్క అంకె చేయకూడదని మొదట్లోనే తీర్మానించుకున్నాం. ఎందుకో కింద ఎక్కడికక్కడ తెలుస్తుంది. వేరే ప్రాంతంలో ఇదే పని తలపెట్టేవాళ్లు అంచెలు పట్టుకుని వెళ్లడానికి వీలుగా రాస్తున్నాం.

సరిహద్దు

జిల్లా పేరు పట్టుకుని మొదలుపెడితే లెక్క అక్కడే చెడుతుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. కొవ్వూరు, నిడదవోలు అంతకుముందు పశ్చిమ గోదావరిలో ఉండేవి, ఆ రోజు నుంచి తూర్పు గోదావరిలోకి వచ్చాయి. ఒకే వీధి నుంచి 2021లో వేసిన దరఖాస్తులో ఒక జిల్లా పేరు, 2023లో వేసినదాంట్లో మరో జిల్లా పేరు ఉంటాయి. పైగా పాత రెండు జిల్లాలూ పూర్తిగా డెల్టా కావు. రంపచోడవరం, పోలవరం, జంగారెడ్డిగూడెం వైపంతా ఏజెన్సీ, మెట్ట. 2011 జనగణన ప్రకారం పాత తూర్పు గోదావరి జనాభా 51.5 లక్షలు, పశ్చిమ గోదావరిది 39.4 లక్షలు. డెల్టా దరఖాస్తులను ఆ మొత్తంతో భాగిస్తే లక్ష జనాభాకు వచ్చే సంఖ్య ఉత్తపుణ్యానికి పడిపోతుంది.

అందుకని కాలువనే హద్దుగా తీసుకున్నాం. ధవళేశ్వరం బ్యారేజీ కింద తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా ఆయకట్టు ఉన్న మండలాలకు ‘డె’ అని గుర్తు. అంచున ఉండి డెల్టా వ్యాపారంతో ముడిపడ్డవాటికి ‘అం’. మిగతావి ‘బ’. జనాభా 2011 జనగణన మండల పట్టికల నుంచే తీసుకున్నాం, కొత్త జిల్లాల అంచనాలు వాడలేదు.

గుర్తు పెట్టడంలో చిక్కు తెచ్చినవి మూడు. యానాం నట్టనడి డెల్టాలో ఉంది, పిన్‌కోడు 533464. కానీ అది పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం. రాష్ట్రం గడిలో ‘ఆంధ్రప్రదేశ్’ అని వడపోస్తే మొత్తం జారిపోతుంది. దానికి ‘డె’ ఇచ్చాం. కైకలూరు, కలిదిండి, మండవల్లి, ముదినేపల్లి ఇప్పుడు ఏలూరు జిల్లావే అయినా పారేది కృష్ణా నీరు, పిన్‌కోడు మొదలయ్యేది 521తో. అయితే చేపల చెరువుల వ్యాపారం కొల్లేరుకు అటూ ఇటూ ఒక్కటే కాబట్టి ‘అం’. ఉప్పాడ కాకినాడకు పైన, గోదావరి ఆయకట్టు దాటి ఉంది. అదీ ‘అం’. ఈ గుర్తులు విడి గడిలో ఉంటాయి గనుక ఎవరైనా అంచు వద్దనుకుంటే ఒక్క వడపోతతో తీసేయొచ్చు.

జర్నళ్ల నుంచి వరుసలు తీయడం

పేటెంటు కార్యాలయ జర్నల్ ప్రతి శుక్రవారం పీడీఎఫ్‌గా వస్తుంది. దాన్ని ‘పీడీఎఫ్ టు టెక్స్ట్’ పనిముట్టుతో, పేజీ అమరిక చెదరకుండా ఉంచే లేఅవుట్ ఐచ్ఛికం పెట్టి అక్షరాలుగా మార్చాలి. ఆ ఐచ్ఛికం లేకపోతే దరఖాస్తుదారు విలాసం, ఆవిష్కర్త పేరు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. తీసిన వరుసలు ఎస్‌క్యూలైట్ అనే డేటాబేసు పట్టికలోకి వెళ్తాయి. గడులు ఇవి: దరఖాస్తు సంఖ్య, దాఖలు తేదీ, ప్రచురణ తేదీ, ముందస్తు ప్రచురణా కాదా, శీర్షిక, ఐపీసీ (అంతర్జాతీయ పేటెంటు వర్గీకరణ) వర్గం, దరఖాస్తుదారులు, ఆవిష్కర్తలు, ఒక్కొక్కరి విలాసం.

2016 నుంచి వస్తున్న 12 అంకెల దరఖాస్తు సంఖ్యలోనే సగం సమాచారం ఉంది. 202341తో మొదలైతే 2023లో దాఖలైంది, 4 అంటే చెన్నై కార్యాలయం, 1 అంటే మామూలు దరఖాస్తు. కార్యాలయం అంకె 1 అయితే ఢిల్లీ, 2 ముంబయి, 3 కోల్‌కతా. ఆరో అంకె 7 అయితే పీసీటీ అనే అంతర్జాతీయ పేటెంటు ఒప్పందం దారిలో వచ్చింది.

ఆంధ్రప్రదేశ్ చెన్నై కార్యాలయం పరిధి కదా అని 4 ఉన్నవే తీసుకుంటే తక్కువ పట్టుబడతాయి. దరఖాస్తుదారుల్లో మొదటివాళ్లు వేరే రాష్ట్రంలో ఉంటే దాఖలు అక్కడి కార్యాలయంలో జరుగుతుంది, మన ఊరి ఆవిష్కర్త పేరు మూడో నాలుగో స్థానంలో ఉంటుంది. జర్నల్లో నాలుగు కార్యాలయాల దరఖాస్తులూ చదివి తీరాల్సిందే. పని నాలుగింతలవుతుంది, అయినా దీనికి అడ్డదారి లేదు.

పిన్‌కోడు, ఊరి పేరు

వడపోతకు మొదటి ఆధారం 533, 534తో (కొల్లేరు అంచు మండలాలకు 521తో) మొదలయ్యే ఆరంకెల సంఖ్య. మధ్యలో ఖాళీ ఉన్నా, అడ్డగీత ఉన్నా పట్టుకునేలా రాసుకోవాలి. సున్నా బదులు ఇంగ్లీషు ‘ఓ’ అక్షరం కొట్టిన విలాసాలూ ఉంటాయి. ఇంకో గండం ఏమిటంటే దరఖాస్తు సంఖ్య చివరి ఆరంకెలు, ఫోను నంబరు ముక్కలు కూడా పిన్‌కోడులా కనిపిస్తాయి. ముందూ వెనకా ఇంకో అంకె లేదని సరిచూసే షరతు పెడితే ఈ బెడద తీరుతుంది. ఆ తర్వాత పిన్‌కోడు నుంచి మండలానికి జాబితా తయారు చేసుకోవాలి. 534 అంతా డెల్టా కాదు, జంగారెడ్డిగూడెం కూడా అందులోనే ఉంది.

పిన్‌కోడు రాయని విలాసాలకు ఊరి పేరే దిక్కు. రాజమండ్రి, రాజమహేంద్రవరం రెండూ వాడుకలో ఉన్నాయి. వాటి ఇంగ్లీషు స్పెల్లింగులు మళ్లీ రకరకాలు. పాలకొల్లుకు పాత రికార్డుల స్పెల్లింగు వేరు. డేటా శుభ్రం చేసే పనిముట్టు ఓపెన్‌రిఫైన్‌లో ‘ఫింగర్‌ప్రింట్’ పద్ధతితో గుంపులు చేస్తే కామాలు, పదాల క్రమం లాంటి తేడాలు పోతాయి. స్పెల్లింగు తేడాలకు ‘ఎన్‌గ్రామ్’ పద్ధతి వాడాలి. ఇంగ్లీషు ఉచ్చారణను బట్టి కలిపే పద్ధతులు మన ఊళ్ల పేర్లకు నప్పవు. కలపకూడనివి కలిపేస్తాయి.

నర్సాపూర్ అన్న పేరును మాత్రం యంత్రానికి వదలకూడదు. లేసు నర్సాపురం పశ్చిమ గోదావరిది, తెలంగాణలో మెదక్ వైపు ఇంకో నర్సాపూర్ ఉంది. తాడేపల్లి గుంటూరు వైపుది, తాడేపల్లిగూడెం మనది. భీమవరం పేరుతో ఎన్ని పల్లెలున్నాయో చెప్పనక్కర్లేదు. పిన్‌కోడు లేకుండా ఈ పేర్లు వస్తే మనిషి చూడాల్సిన వరుసల్లోకి పోతాయి.

ఎవరి ఊరికి ఎంత వాటా

పేటెంటును ఎక్కడ లెక్కేయాలి, దరఖాస్తుదారు విలాసం దగ్గరా, ఆవిష్కర్త విలాసం దగ్గరా? ప్రాంతాల లెక్కకు ఆవిష్కర్తే సరైనవాడు. అభివృద్ధి చెందిన దేశాల ఆర్థిక కూటమి ఓఈసీడీ గణాంక పద్ధతీ అదే చెబుతుంది. రొయ్యల మేత తయారుచేసే కంపెనీకి ప్లాంటు డెల్టాలో, రిజిస్టర్డ్ ఆఫీసు పెద్ద నగరంలో ఉండటం మామూలే. దరఖాస్తుదారును బట్టి పోతే ఆ పని నగరం ఖాతాలో పడుతుంది.

ఒక దరఖాస్తులో నలుగురు ఆవిష్కర్తలు ఉన్నారనుకుందాం. ఇద్దరు కాకినాడ, ఒకరు భీమవరం, ఒకరు కోయంబత్తూరు. కాకినాడకు 0.5, భీమవరానికి 0.25, మిగతా 0.25 డెల్టా బయటికి. డెల్టా మొత్తం 0.75. ఇలా ముక్కలు చేయకుండా ప్రతి ఊరికీ ఒకటి చొప్పున వేస్తే ఒక్క దరఖాస్తు మూడవుతుంది. ఈ జాగ్రత్త ఇక్కడ మరీ అవసరం. ఆరేడు కాలేజీల అధ్యాపకులు కలిసి పదిమంది పేర్లతో వేసే దరఖాస్తులు చాలా ఉన్నాయి. ఆవిష్కర్తలందరికీ ఒకే కాలేజీ విలాసం రాసినచోట మాత్రం ఊరి వాటాను ‘సంస్థ విలాసం’ అని గుర్తుపెట్టి విడిగా ఉంచుతున్నాం.

ముందస్తు ప్రచురణ, పద్దెనిమిది నెలలు

మామూలుగా దరఖాస్తు దాఖలైన 18 నెలల తర్వాత జర్నల్లో కనిపిస్తుంది. ముందస్తు ప్రచురణ కోరుతూ ఫారం 9 వేసి రుసుము కడితే నెల తిరిగేసరికి వచ్చేస్తుంది. ఈ రెండూ కలిసి గ్రాఫును ఎలా వంచుతాయో గమనించాలి. ఇవాళ్టి నుంచి వెనక్కి ఏడాదిన్నర లోపల దాఖలైనవాటిలో మనకు కనిపించేవి దాదాపు అన్నీ ఫారం 9 వేసినవే. అవి ఎక్కువగా కాలేజీలవి. కంపెనీల దరఖాస్తులు ఇంకా మరుగునే ఉంటాయి. అందుకే తాజా గ్రాఫు చూస్తే పరిశ్రమ చతికిలబడి కాలేజీలు విజృంభించినట్టు అనిపిస్తుంది. నిజానికి అది ప్రచురణ నియమం వేసిన నీడ. కాబట్టి లెక్కంతా ప్రచురణ తేదీతో కాక దాఖలు తేదీతో వేయాలి. చివరి 20 నెలల వరుసలు పట్టికలో ఉన్నా గ్రాఫులోకి రాకూడదు. 18 చాలదు, జర్నల్ ఆలస్యానికి రెండు నెలలు కలిపాం.

దాఖలు నుంచి రెన్యువల్ దాకా

2021 సెప్టెంబరులో నిబంధనలు మారి విద్యాసంస్థలకు పేటెంటు రుసుములు 80 శాతం తగ్గాయి. ఆన్‌లైన్లో దాఖలుకు 1,600, ముందస్తు ప్రచురణకు 2,500, పరీక్ష కోరడానికి 4,000 రూపాయలు. సంస్థల ర్యాంకింగుల్లో పేటెంట్లకూ మార్కులున్నాయి. ఈ రెండు కారణాలూ తోడైతే దాఖలు సంఖ్య పెరగడం సహజం. పెరుగుదలను తప్పుపట్టక్కర్లేదు, మంచి పని కూడా అందులోనే ఉంది. దాఖలు సంఖ్య ఒక్కదాన్నే కొత్తదనం అనకూడదు, అంతే. ‘పేటెంట్ ప్రచురితమైంది’ అంటే దరఖాస్తు జర్నల్లో అచ్చయిందని మాత్రమే అర్థం. మంజూరు వేరే దశ, దానికి వేరే సంఖ్య ఉంటుంది.

కాబట్టి ప్రతి దరఖాస్తుకూ అది ఎంతదూరం నడిచిందో నమోదు చేస్తున్నాం: దాఖలు, ప్రచురణ, ఫారం 18తో పరీక్ష కోరడం, మొదటి పరీక్ష నివేదిక, జవాబు, మంజూరు, రెన్యువల్. ఎక్కడ ఆగిందన్నది ఆన్‌లైన్ స్థితి పేజీలో దొరుకుతుంది. సెక్షన్ 11బి కింద ఉపసంహరించుకున్నట్టు ఉంటే పరీక్షే కోరలేదని అర్థం. సెక్షన్ 21(1) కింద వదిలేసినట్టు ఉంటే నివేదిక అభ్యంతరాలకు గడువులోపల జవాబు వెళ్లలేదని. ఆ గడువు ఆరు నెలలు, ఇంకో మూడు నెలలు పొడిగించుకోవచ్చు.

ఇక్కడ తొందరపడితే అన్యాయం చేసినట్టవుతుంది. 2024 మార్చి 15కు ముందు దాఖలైనవాటికి పరీక్ష కోరే గడువు 48 నెలలు, ఆ తర్వాతవాటికి 31 నెలలు. గడువు తీరకముందే ‘పరీక్ష కోరలేదు’ అని రాయకూడదు, ‘గడువు ఉంది’ అనే మూడో విలువ ఉండాలి.

మంజూరయ్యాక రెన్యువల్ రుసుము ఉంటుంది, దాఖలు తేదీ నుంచి లెక్కించి మూడో ఏడాది మొదలుకొని కట్టాలి. ఎవరో ఒకరు ఏటా డబ్బు కడుతున్నారంటే ఆ ఆవిష్కరణ మీద నమ్మకమో అవసరమో ఉన్నట్టే. మా దృష్టిలో దాఖలు సంఖ్య కంటే ఈ రెన్యువల్ గడి ఎన్నో రెట్లు విలువైనది.

చట్టం బయట ఉండిపోయేది

పేటెంటు చట్టం సెక్షన్ 3(హెచ్) వ్యవసాయ, ఉద్యాన పద్ధతులకు పేటెంటు ఇవ్వదు. 3(జె) మొక్కలకు, విత్తనాలకు, జంతువులకు ఇవ్వదు. 3(పి) సంప్రదాయ జ్ఞానానికి ఇవ్వదు. డెల్టా బతుకంతా వరి, చేప, రొయ్య, కొబ్బరి. ఈ ప్రాంతానికి బాగా తెలిసిన పనులనే చట్టం గడప అవతల నిలబెట్టింది. సాఫ్ట్‌వేరు, ఎలక్ట్రానిక్స్ చేసే నగరంతో పక్కపక్కన పెట్టి పేటెంట్ల సంఖ్య పోల్చడం డెల్టాకు చేసే అన్యాయం.

ఉదాహరణకు కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువుల్లో మేత కట్టే తీరు చూడండి. ఖాళీ ఎరువుల సంచి అడుగున రెండు మూడు వరసల్లో చిల్లులు పొడుస్తారు. నూనె తీసిన తవుడు, చెక్క కలిపి నింపి, చెరువులో పాతిన వెదురు గెడకు సంచి సగం నీళ్లలో మునిగేలా కడతారు. శీలావతి, బొచ్చె వచ్చి చిల్లుల దగ్గర లాక్కుని తింటాయి. చల్లిన మేతలా అడుగుకు పోయి కుళ్లదు. సంచి ఎంతసేపట్లో ఖాళీ అయిందో చూసి చేప ఆకలి, ఆరోగ్యం రెండూ అంచనా వేస్తారు. ఆంధ్రా చేపల సాగును ఇంత పెద్దదిగా నిలబెట్టిన మెలకువల్లో ఇదొకటి. ఏ రిజిస్టర్లోనూ లేదు. పేటెంట్ల గడిలో దీని విలువ సున్నా.

యంత్రాలకు ఈ అడ్డంకి లేదు. అందుకే ఐపీసీలో వెతకాల్సిన గడులు విడిగా రాసుకున్నాం: చేపల, రొయ్యల పెంపక సామగ్రికి ఏ01కే 61, 63, నీటికి గాలి పట్టించే ఏరేషన్‌కు సీ02ఎఫ్ 7, వడ్ల మిల్లింగుకు బీ02బీ, కొబ్బరి వలిచే యంత్రాలకు ఏ23ఎన్ 5, పీచు తీయడానికి డీ01బీ. శీర్షికలో ‘ఆక్వా’ అన్న మాట వెతికితే చాలదు. చెరువు నీటి సెన్సార్లు జీ01ఎన్‌లోనో జీ06లోనో తేలుతాయి. వర్గం, మాట రెండూ కలిపి వెతకాలి.

మార్టేరు వంగడాలు

అయిదు రిజిస్టర్లలో ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే. మార్టేరు వరి పరిశోధన కేంద్రం 1925 నాటిది. అక్కడ వసిష్ఠ, మసూరిల సంకరంతో వచ్చి 1982లో విడుదలైన ఎంటీయూ 7029, అదే స్వర్ణ, దేశంలో అత్యధికంగా సాగైన వరి రకాల్లో ఒకటి. ముంపు తట్టుకునే స్వర్ణ సబ్-1కూ అదే పునాది. కృష్ణవేణి, ఐఆర్ 64 కలిపి చేసిన ఎంటీయూ 1010, కాటన్‌దొర సన్నాలు, 2000లో వచ్చింది.

మొక్కల వంగడాల, రైతు హక్కుల చట్టం 2001ది. అప్పటికే నోటిఫై అయిన పంట రకాలకు రక్షణ నోటిఫికేషన్ తేదీ నుంచి 15 ఏళ్లు, చెట్లకు నమోదు తేదీ నుంచి 18. ఎనభయ్యో దశకంలో పుట్టిన స్వర్ణకు ఆ 15 ఏళ్లు చట్టం రాకముందే గడిచిపోయాయి. డెల్టా దేశానికిచ్చిన అతి పెద్ద కొత్తదనం పేటెంట్లలో లేదు, వంగడాల రక్షణ జాబితాలోనూ ఉండే వీలు లేదు.

నమోదైన రకాలతో ఇంకో చిక్కు. దరఖాస్తుదారు వ్యవసాయ విశ్వవిద్యాలయం కాబట్టి విలాసం గుంటూరు లాం అని ఉంటుంది, పాతవాటిలో హైదరాబాదు. పిన్‌కోడు వడపోతకు ఒక్కటీ దొరకదు. ఇక్కడ పేరు ముందున్న ఎంటీయూ అక్షరాలే మార్టేరు విలాసం. అలాగే అంబాజీపేట కేంద్రం నుంచి వచ్చిన గోదావరి గంగ లాంటి కొబ్బరి రకాలను కేంద్రం పేరుతో చేత్తో కలపాలి. దీనికి తోడు ఒక అనుబంధ గడి పెట్టాం: ఏటా రకాలవారీగా వచ్చే బ్రీడర్ విత్తన ఇండెంట్లు, అంటే విత్తనోత్పత్తికి కావాల్సిన తొలి అంచె విత్తనం కోసం రాష్ట్రాలు పెట్టే కోరికలు. ఒక రకం విడుదలై ఎన్నేళ్లకు ఏ రాష్ట్రాలు ఇంకా అడుగుతున్నాయో అందులో తెలుస్తుంది. వంగడాల విషయంలో రెన్యువల్‌కు సాటి వచ్చే కొలత ఇదే.

బ్రాండ్లు, గుర్తింపులు

ట్రేడ్‌మార్కుల మీద ఎక్కువ సమయం పెట్టట్లేదు. బియ్యం బ్రాండ్లు 30వ వర్గం, శీతల రొయ్యలు 29, మేత 31, చెరువు మందులు 5, లేసు 26. దరఖాస్తులో ‘వాడకం ఎప్పటి నుంచి’ అన్న తేదీ ఉంటుంది. వాడకం 1990, దాఖలు 2021 అయితే పాత వ్యాపారం కాగితాల మీదికి వచ్చిందని లెక్క, కొత్తది పుట్టిందని కాదు. రెంటి మధ్య తేడాను ఒక గడిగా వేస్తే చాలు. ఒకే గుర్తు మాటగా ఒకసారి, బొమ్మగా ఒకసారి దాఖలై ఉంటే ఒకటిగా కలపాలి.

భౌగోళిక గుర్తింపులు మూడు: ఉప్పాడ జమ్దానీ 2009, ఆత్రేయపురం పూతరేకులు 2023, నర్సాపురం లేసు 2024. సంఖ్యగా చూస్తే మూడే. కానీ ఒక్కో గుర్తింపు వెనక వందలాది చేతులున్నాయి. బోర్లించిన కుండ మీద పలుచటి బియ్యప్పిండి గుడ్డతో ఒక్క లాగు లాగి రేకు తీసే ఆడవాళ్లందరినీ ‘1’ అని రాయడం అర్థంలేని పని. అందుకని రిజిస్టరు రెండో భాగంలో ఉండే అధీకృత వాడకందారులను ఊరివారీగా లెక్కిస్తున్నాం. గుర్తింపు వచ్చాక ఈ జాబితా పెరిగితేనే దానివల్ల మేలు జరుగుతున్నట్టు.

చిన్న సంఖ్యల బెడద

ఏ రంగంలో డెల్టా ప్రత్యేకం అని తేల్చడానికి నిష్పత్తి వాడుతున్నాం. ఉదాహరణకు అంకెలు ఊహించుకోండి: డెల్టా మొత్తం 200, అందులో ఏ01కే వర్గానివి 8, అంటే 4 శాతం. రాష్ట్రం మొత్తం 4,000, అందులో ఏ01కే వర్గానివి 40, అంటే 1 శాతం. నిష్పత్తి 4. ఒకటి దాటితే ప్రత్యేకత. అయితే ఆ 8 కాస్తా 6 అయితే నిష్పత్తి సుమారు 3కు పడుతుంది. రెండు దరఖాస్తుల తేడాకే ఇంత ఊగితే ఏటికేడు గ్రాఫు గీయడం దండగ. అయిదేళ్లను ఒక కిటికీగా తీసుకుని, కిటికీలో పదికి తక్కువ ఉన్న వర్గానికి నిష్పత్తి చూపకుండా సంఖ్య మాత్రమే చూపుతున్నాం. మండలవారీ పటం అసలు వేయం. ఒక్క కాలేజీ ఉన్న మండలం ఎర్రగా, పక్కవి తెల్లగా కనిపించడం తప్ప దాంట్లో ఏమీ తెలియదు.

ఇప్పుడు చేతిలో ఉన్నది

రిజిస్టర్లలో లేనివాటికి ఆరో చిట్టా మొదలైంది. జర్మనీ, జపాన్, చైనాల్లో చిన్న మెరుగుదలలకు యుటిలిటీ మోడల్ అనే రక్షణ ఉంది. మన దేశంలో అది లేదు. ఏరేటరు చేతులు పొడవు చేసి చెరువు మధ్యకు చేర్చిన వెల్డింగ్ షాపు పనికి రిజిస్టర్లో చోటు దొరకడం కష్టం. చిట్టాలో గడులు: వస్తువు, మార్పు ఏమిటి, కొలతలు, ఏ ఊరు, ఎప్పటి నుంచి, ఎంతమంది నకలు చేసుకున్నారు.

దీనికి ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. ఫొటోలు, కొలతలు బయటపెడితే పేటెంటుకైనా డిజైనుకైనా కావలసిన కొత్తదనం ఆ క్షణమే పోతుంది, తర్వాత వేసుకునే హక్కు ఆ మేస్త్రీకి ఉండదు. కాబట్టి ముందు అడగాల్సింది ఇది: ఈ మార్పు ఇప్పటికే బయటి చెరువుల్లో అందరికీ కనిపిస్తూ నడుస్తోందా, ఇంకా షాపులోనే ఉందా? నడుస్తుంటే చిట్టాలోకి నేరుగా వస్తుంది. షాపులోనే ఉంటే ఊరు, వస్తువు పేరు తప్ప ఏదీ రాయం. వ్యక్తిగా ఆన్‌లైన్లో తాత్కాలిక దరఖాస్తుకు 1,600 రూపాయలు, పూర్తి వివరణ ఇవ్వడానికి 12 నెలల గడువు ఉంటుందని ఆయనకు చెప్పి, ఆయన తేల్చుకునేదాకా ఆ వరుసను తాళం వేసిన ఫైల్లో ఉంచుతాం. ఉండి, ఆకివీడు, భీమవరం వైపు షాపులతో మొదలుపెడుతున్నాం. తర్వాత అంబాజీపేట చుట్టుపక్కల పీచు యంత్రాలు.